పాత కంప్యూటర్ దేని కోసం ఎదురుచూస్తోంది?

పదేళ్లు దాటిన ల్యాప్‌టాప్‌ను దుకాణానికి తీసుకెళ్లి ‘బాగా స్లో అయింది’ అని చెబితే సాధారణంగా రెండే జవాబులు వస్తాయి. ఒకటి ‘ఫార్మాట్ కొట్టేద్దాం సార్’, రెండోది ‘ర్యామ్ వేయించండి’. రెండింటిలోనూ ఎంతో కొంత నిజం ఉన్నా, రెండూ యంత్రాన్ని తెరిచి చూడకుండా చెప్పే జవాబులే. ఫార్మాట్ చేసిన కంప్యూటర్ కొన్ని వారాలు చురుగ్గా నడిచి మళ్లీ మొదటికొస్తుంది. నడుస్తున్న పనుల సమాచారాన్ని తాత్కాలికంగా ఉంచుకునే జ్ఞాపకమే ర్యామ్, దాన్ని పెంచిన కంప్యూటర్‌లో ఒక్కోసారి ఏ మార్పూ కనిపించదు. ప్రాసెసర్ మనిషిలాగా ముసలిదై నీరసించదు. 1.7 గిగాహెర్ట్జ్ వేగంతో కొన్నది పదేళ్ల తరువాతా, వేడి అడ్డుపడనంత వరకు, అదే వేగంతో పనిచేస్తుంది. పెరిగింది దాని మీద పడే పని. ఆ పనికి కావలసిన సమాచారం వచ్చే దారి మాత్రం అప్పటిదే. అందువల్ల పాత కంప్యూటర్ ఎక్కువసేపు చేసేది పని కాదు, నిరీక్షణ. దేని కోసం నిరీక్షిస్తోందో తేల్చుకున్న తరువాతే డబ్బు దేని మీద పెట్టాలన్న ప్రశ్న వస్తుంది.

2014 ప్రాంతంలో ఇంజినీరింగ్ చదివే పిల్లల కోసం కొన్న తరహా ల్యాప్‌టాప్ ఒకదాన్ని ఉదాహరణగా తీసుకుంటాను, మా ఇంట్లోనూ అలాంటిదే ఉంది కనుక. ఇంటెల్ కోర్ ఐ3-4005యు ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, నిమిషానికి 5400 చుట్లు తిరిగే 500 జీబీ హార్డ్‌డిస్క్ అందులో ఉన్నాయి. విండోస్ 8.1తో వచ్చి, తరువాత విండోస్ 10కి మారింది. తెర మీద డెస్క్‌టాప్ కనిపించాక కూడా బ్రౌజర్ తెరుచుకోవడానికి రెండు మూడు నిమిషాలు ఆగాలి. అంతసేపూ హార్డ్‌డిస్క్ దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది, అడుగు నుంచి సన్నని గరగర చప్పుడు వస్తూనే ఉంటుంది.

ఆ రెండు మూడు నిమిషాల్లోనే కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలను కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచి, పర్ఫార్మెన్స్ పేజీ చూడాలి. అక్కడ ప్రాసెసర్ వాడకం 20, 30 శాతం దగ్గర తచ్చాడుతుంటుంది. డిస్క్ మాత్రం 100 శాతం. దాని కిందే సమాచారం కదిలే వేగాన్ని చూస్తే సెకనుకు ఒకటి రెండు మెగాబైట్లకు మించదు. ఇదే హార్డ్‌డిస్క్‌లో ఒక పెద్ద సినిమా ఫైలును ఒక చోటి నుంచి మరో చోటికి కాపీ చేస్తే అదే అంకె ఎన్నో రెట్లు పెరుగుతుంది. పూర్తిగా శ్రమిస్తున్నా పని దాదాపు శూన్యం అన్నట్టున్న ఈ వైరుధ్యం అర్థమైతే పాత కంప్యూటర్ల సంగతి ముప్పాతిక వంతు అర్థమైనట్టే.

హార్డ్‌డిస్క్ లోపల అద్దంలా మెరిసే పళ్లేలు తిరుగుతూ ఉంటాయి. వాటిపై వెంట్రుక కన్నా ఎంతో సన్నని ఎడంతో చదివే ముల్లు, ఒక చేతికి అమర్చినది, అటూ ఇటూ కదులుతుంది. ఒక చిన్న ఫైలు కావాలంటే ముందు ఆ చేయి సరైన వలయం మీదికి జరగాలి, తరువాత కావలసిన భాగం తిరుగుతూ ముల్లు కిందికి వచ్చేదాకా ఆగాలి. నిమిషానికి 5400 చుట్లంటే సెకనుకు 90 చుట్లు, ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. సగటున అందులో సగం, అంటే ఐదున్నర మిల్లీసెకన్లు, ఊరికే వేచి ఉండటానికే పోతుంది. చేయి జరగడానికి మరో 12 వేసుకుంటే ఒక్కో పనికీ 17 మిల్లీసెకన్లకు పైమాటే. ఆ లెక్కన సెకనుకు 60 పనులు కూడా పూర్తి కావు. ఒక్కో పనిలో 4 కిలోబైట్లు చదివితే సెకనుకు పావు మెగాబైట్ కూడా రాదు. సినిమా ఫైలు వరసగా ఒకే చోట ఉంటుంది కనుక చేయి పెద్దగా కదలనక్కర లేదు, వేగం వస్తుంది. విండోస్ లేచేటప్పుడు జరిగేది దానికి పూర్తిగా వ్యతిరేకం. డిస్క్ నలుమూలలా చెదిరి ఉన్న వేలాది చిన్న చిన్న ముక్కలు కావాలి. అదే సమయంలో యాంటీవైరస్ తన తనిఖీ మొదలుపెడుతుంది, అప్‌డేట్ సేవ తన జాబితా చూసుకుంటుంది, సెర్చ్ తన సూచిక రాసుకుంటుంది. ఆ గరగర చప్పుడు ముల్లు చేయి పడే యాతనే.

ఐబీఎం సంస్థ 1956లో రామాక్ యంత్రంతో పాటు తెచ్చిన తొలి హార్డ్‌డిస్క్‌లో 50 పళ్లేలు ఉండేవి, దాదాపు 50 లక్షల అక్షరాలు పట్టేవి, ఒక సమాచారాన్ని వెతికి అందించడానికి సగటున 600 మిల్లీసెకన్లు పట్టేది. మా ల్యాప్‌టాప్‌లోని డిస్క్‌లో 50 వేల కోట్ల బైట్లు పడతాయి, అంటే సుమారు లక్ష రెట్లు. వెతికే సమయం మాత్రం 600 నుంచి 17కు తగ్గింది, అంటే 35 రెట్లే మెరుగు. ఒక లోహపు చేయి కదలాలి, ఒక పళ్లెం తిరగాలి అన్న షరతు ఉన్నంతకాలం దాన్ని సామర్థ్యం పెరిగినంతగా తగ్గించడం ఎవరి తరమూ కాలేదు.

హార్డ్‌డిస్క్ స్థానంలో పెట్టుకునే ఎస్‌ఎస్‌డి (సాలిడ్ స్టేట్ డ్రైవ్) ఆ షరతునే తీసేసింది. అందులో కదిలే భాగమంటూ ఏదీ లేదు. సమాచారం ఫ్లాష్ చిప్పుల్లో విద్యుదావేశంగా ఉంటుంది. ఏ మూల నుంచి అడిగినా సుమారు పదో వంతు మిల్లీసెకనులో వస్తుంది. ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో వేసే ‘సెకనుకు 550 మెగాబైట్లు’ అనే అంకె వరసగా చదివే వేగం, అది హార్డ్‌డిస్క్ కన్నా నాలుగైదు రెట్లు మాత్రమే. చెదిరిన చిన్న ముక్కలను అందించడంలో తేడా వందల్లో ఉంటుంది, మన చేతికి తెలిసే వేగం అదే. పాత మదర్‌బోర్డులో డ్రైవ్‌ను కలిపే సాటా అనే దారి రెండో తరానిది మాత్రమే ఉండి సెకనుకు 300 మెగాబైట్ల దగ్గరే ఆగిపోయినా ఎస్‌ఎస్‌డి వృథా కాదనడానికి కారణం ఇదే.

ఈ అంతరాలను మన కాలమానంలోకి దించి చూడవచ్చు. ర్యామ్ నుంచి ఒక సమాచారం తెచ్చుకోవడానికి ప్రాసెసర్‌కు సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. అది పొయ్యి పక్కనున్న పోపులపెట్టెలోంచి ఆవాలు తీసినంత పని, ఒక సెకను అనుకుందాం. అదే కొలతలో ఎస్‌ఎస్‌డి నుంచి తేవడానికి 17 నిమిషాలు, వీధి చివరి కొట్టుకు వెళ్లి వచ్చినంత. హార్డ్‌డిస్క్ నుంచి తేవడానికి 47 గంటలు. పోపు పొయ్యి మీద ఉండగా హైదరాబాదులో రైలెక్కి ఢిల్లీ వెళ్లి, దాదాపు తిరుగు ప్రయాణం కూడా ముగించుకుని ఆవాలు తెచ్చినట్టు.

మరి ర్యామ్ సంగతి?

పోపులపెట్టె చిన్నదైతే ఏమవుతుందన్నదే ర్యామ్ కథ. కావలసినవన్నీ అందులో పట్టకపోతే ఆపరేటింగ్ సిస్టమ్ ఊరుకోదు. కాసేపటి నుంచి ఎవరూ ముట్టని సమాచారాన్ని తీసి డిస్క్ మీద పేజ్‌ఫైల్ అనే చోట దాచి, ఆ ఖాళీలో కొత్తది పెడుతుంది. దాచినది మళ్లీ అవసరమైతే ఇంకొకదాన్ని బయటికి పంపి దాన్ని వెనక్కి తెస్తుంది. ఈ ఏర్పాటు పాతది. 1962లో మాంచెస్టర్‌లో మొదలైన అట్లాస్ కంప్యూటర్‌లోనే, తిరిగే అయస్కాంత డ్రమ్మును ప్రధాన జ్ఞాపకానికి కొనసాగింపుగా వాడుకున్నారు. అవసరం కొంచెం మించినంతవరకు ఇది చక్కగా నడుస్తుంది. చాలా మించితే, తెచ్చిన దాన్ని వాడేలోపే బయటికి పంపవలసి రావడం, పంపిన దాన్నే మళ్లీ తేవలసి రావడం జరిగి, యంత్రం కాలమంతా ఈ మోతపనికే సరిపోతుంది. ఇది ఎందుకు జరుగుతుందో కంప్యూటర్ శాస్త్రవేత్త పీటర్ డెనింగ్ 1968లోనే స్పష్టంగా వివరించారు. ‘సిస్టమ్ హ్యాంగ్ అయింది’ అని మనం మౌస్‌ను బల్లకేసి కొట్టే క్షణాల్లో చాలావరకు ఇవే.

4 జీబీ ర్యామ్ ఉన్న మా ల్యాప్‌టాప్‌లో విండోస్, దాని సేవలు కలిసి సగానికి దగ్గరగా తీసుకుంటాయి, తెర మీది బొమ్మలు గీసే గ్రాఫిక్స్ భాగానికి సొంత జ్ఞాపకం లేదు కనుక అదీ ఇందులోనే వాటా అడుగుతుంది. మిగిలినదాన్ని బ్రౌజర్ పది ట్యాబులతో మింగేస్తుంది. అక్కడి నుంచి భారమంతా హార్డ్‌డిస్క్ మీదికి మళ్లుతుంది. డిస్క్ 100 శాతం చూపిస్తే దోషం డిస్క్‌దేనని చెప్పలేకపోవడానికి, ర్యామ్‌నూ డిస్క్‌నూ విడివిడిగా చూడకూడదనడానికి కారణం ఈ ముడే. ర్యామ్ చాలనప్పుడు ఆ లోటును పూడ్చే పని డిస్క్ నెత్తిన పడుతుంది.

ముడి విప్పే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. రోజూ చేసే పనులన్నీ ఒకేసారి తెరిచి, ఒక అరగంట వాడి, టాస్క్ మేనేజర్‌లో మెమరీ పేజీ చూడాలి. అక్కడ ‘కమిటెడ్’ అనే చోట రెండు అంకెలుంటాయి. మొదటిది నడుస్తున్న ప్రోగ్రాములన్నీ కలిసి అడిగిన మొత్తం. అది మీ ర్యామ్‌ను బాగా దాటి, 4 జీబీ యంత్రంలో 7 అని చూపిస్తుంటే, ర్యామ్ లోటు నిజమే. 3 దగ్గర ఉండి కూడా యంత్రం నత్తనడక నడుస్తుంటే, ర్యామ్ మీద పెట్టే డబ్బు బూడిదలో పోసిన పన్నీరే. నిండని ర్యామ్‌ను ఇంకా పెంచినందువల్ల వేగం పెరగదు. మిగులును విండోస్ ఇటీవల చదివిన ఫైళ్లను దగ్గర ఉంచుకోవడానికి వాడుకుంటుందన్న మాట నిజమే, ఆ లాభం హార్డ్‌డిస్క్ ఉన్నప్పుడు కొంత తెలుస్తుంది, ఎస్‌ఎస్‌డి వచ్చాక పెద్దగా తెలియదు.

రెంటిలో ఒకటే చేయించగలిగిన వారికి నా సలహా ముందు ఎస్‌ఎస్‌డి. ర్యామ్ చాలకపోయినా, పేజ్‌ఫైల్ ఎస్‌ఎస్‌డి మీద ఉంటే పోపులపెట్టె కొలతలో నిరీక్షణ రెండు రోజుల నుంచి 17 నిమిషాలకు తగ్గుతుంది. హ్యాంగ్ అనిపించేది చిన్న తడబాటుగా మిగులుతుంది. అదే ర్యామ్ మాత్రం పెంచి పాత డిస్క్‌నే ఉంచితే, యంత్రం లేవడం, ప్రోగ్రాములు తెరుచుకోవడం, అప్‌డేట్లు ఎక్కడం, అన్నీ ఎప్పటిలాగే సాగుతాయి. దీనికి ఒకే మినహాయింపు, 2 జీబీతో నెట్టుకొస్తున్న యంత్రం. దానికి రెండూ కావాలి, లేదా రెండూ వద్దు.

కొనేముందు

ర్యామ్ కొనడంలో తొలి ప్రశ్న ఎంత అన్నది కాదు, ఏ రకం అన్నది. ర్యామ్ తరాల్లో డీడీఆర్3 2007లో, డీడీఆర్4 2014లో, డీడీఆర్5 2020లో వచ్చాయి. ఒకదాని స్లాటులో మరొకటి పట్టదు, గాడి వేరే చోట ఉంటుంది. ల్యాప్‌టాప్ పట్టీలో డీడీఆర్3కి 204 పిన్నులు, డీడీఆర్4కి 260. ఇంతవరకు కంటికి తెలిసిపోతుంది కనుక పొరపాటు జరగదు. జరిగేదల్లా డీడీఆర్3కీ డీడీఆర్3ఎల్‌కీ మధ్యనే. రెండింటి ఆకారం ఒకటే, మొదటిది 1.5 వోల్టులతో, రెండోది 1.35 వోల్టులతో నడుస్తుంది. 4005యు వంటి నాలుగో తరం తక్కువ కరెంటు ప్రాసెసర్లకు రెండోదే కావాలి. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్ల ఏ దుకాణదారుడికైనా ఈ తేడా నోటికొచ్చు. నేను తొందరపడి మా వీధిలోని ఒక చిన్న దుకాణంలో ‘డీడీఆర్3, 4 జీబీ’ అని అడిగి తెచ్చుకున్నాను. స్లాటులో టక్కుమని కూర్చుంది, బటన్ నొక్కితే ఫ్యాన్ తిరిగింది, తెర మాత్రం నల్లగానే ఉండిపోయింది. పట్టీ మీద ‘పీసీ3’ అని ఉంది; మా పాత పట్టీ మీద ‘పీసీ3ఎల్’ అని ఉంది. ఆ ఒక్క అక్షరం కోసం మళ్లీ తిరగవలసి వచ్చింది. అప్పటి నుంచి ఎవరడిగినా పాత పట్టీని ఊడదీసి చేతిలో పట్టుకుని దుకాణానికి వెళ్లమనే చెబుతున్నాను.

స్లాట్లెన్ని, అందులో ఎన్ని నిండాయన్నది టాస్క్ మేనేజరే చెబుతుంది. సన్నని ల్యాప్‌టాపుల్లో ర్యామ్‌ను మదర్‌బోర్డుకే టంకం వేసి ఉంచుతారు, అక్కడ చేయగలిగిందేమీ లేదు. రెండు స్లాట్లుంటే ఒకే పరిమాణం గల రెండు పట్టీలు మేలు. ప్రాసెసర్ రెండు దారుల్లో ఒకేసారి సమాచారం తెచ్చుకోగలదు, సొంత జ్ఞాపకం లేని గ్రాఫిక్స్‌కు అది బాగా ఉపకరిస్తుంది. ఉన్న 4కి 8 జోడించినా ఇంటెల్ యంత్రాలు మొదటి 8 జీబీని జంట దారిలో, మిగిలిన 4ను ఒంటి దారిలో నడుపుకుంటాయి, కనుక పాతదాన్ని పారేయనక్కర లేదు.

32 బిట్ల విండోస్ ఉన్న యంత్రానికి ఇంకొక చిక్కు ఉంది. 32 బిట్లతో లెక్కించగల చిరునామాలు 4,29,49,67,296 మాత్రమే, అంటే 4 జీబీ. అందులోనూ కొంత పరికరాలకు పోయి మూడుం పావు దగ్గర మిగులుతుంది. తెలుగు పుస్తకాలు, శుభలేఖలు కంపోజ్ చేసే డీటీపీ కేంద్రాల్లో పేజ్‌మేకర్ 7 కోసం, పాత అక్షర సాఫ్ట్‌వేర్ కోసం ఇలాంటి యంత్రాలను ఇప్పటికీ అపురూపంగా చూసుకుంటున్నారు. వాటికి 8 జీబీ వేయించడం డబ్బు దండగ. పేజ్‌మేకర్ 2001 నాటిది, దానికి ర్యామ్ ఆకలి లేదు. వాటికి కావలసింది ఎస్‌ఎస్‌డి.

ఎస్‌ఎస్‌డిలో గందరగోళం ఆకారం వల్ల వస్తుంది. హార్డ్‌డిస్క్ తీసిన చోట అమరేది రెండున్నర అంగుళాల సాటా రకం, పదేళ్లనాటి యంత్రాలకు ఎక్కువగా అదే. బబుల్‌గమ్ పట్టీలా ఉండే ఎం.2 రకానికి మదర్‌బోర్డు మీద ప్రత్యేక స్లాటు కావాలి. స్లాటు ఉన్నా అది మాట్లాడేది సాటా భాషా, దానికన్నా కొత్తదైన ఎన్‌వీఎంఈ భాషా తెలుసుకోవాలి. ఎన్‌వీఎంఈ డ్రైవ్ నుంచి విండోస్‌ను లేపడం చాలా పాత యంత్రాలకు చేతకాదు. 480 జీబీ అని కొన్నది కంప్యూటర్‌లో 447గా కనిపిస్తే మోసం కాదు, తయారీదారు వెయ్యితో, విండోస్ 1024తో గుణించడం వల్ల వచ్చే తేడా. ఆన్‌లైన్‌లో కారుచౌకగా దొరికే పేరూ ఊరూ లేని 2 టీబీ డ్రైవులు మాత్రం అచ్చమైన మోసం. లోపల చిన్న మెమరీ కార్డు ఉండి, కంప్యూటర్‌కు మాత్రం 2 టీబీ అని అబద్ధం చెబుతాయి.

ఫ్లాష్ చిప్పులు రాసేకొద్దీ అరుగుతాయన్న భయం చాలామందిలో ఉంది. అరుగుతాయి, నిజమే. శాంసంగ్ 870 ఈవో 500 జీబీ డ్రైవ్‌కు సంస్థ ఇచ్చిన హామీ 300 టెరాబైట్ల రాత. రోజుకు 20 జీబీ చొప్పున రాస్తే 15,000 రోజులు, అంటే 41 ఏళ్లు. ఆ ల్యాప్‌టాప్ కీలు అంతకన్నా చాలా ముందే విరుగుతుంది. భయపడవలసింది మరొక గుణానికి. హార్డ్‌డిస్క్ చాలాసార్లు చప్పుడు చేసి, ఫైళ్లు తెరవడానికి మొరాయించి, ముందుగా హెచ్చరించి పోతుంది. ఎస్‌ఎస్‌డి ఒక ఉదయం మౌనంగా కనిపించకుండా పోగలదు, అందులోంచి ఫోటోలు వెనక్కి తీయడం హార్డ్‌డిస్క్ కన్నా కష్టం. కనుక పాత హార్డ్‌డిస్క్‌ను పారేయకుండా యూఎస్‌బీ డబ్బాలో పెట్టుకుని కాపీలు దాచుకోవడానికి వాడాలి. అయితే దాని ఆరోగ్యం ముందు చూసుకోవాలి. క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రాములో చెడిన సెక్టార్ల, అంటే డిస్క్ మీది చిన్న చిన్న భాగాల, అంకె పెరుగుతూ కనిపిస్తే, ఆ యంత్రం నెమ్మదించడానికి కారణం అదే కావచ్చు, ఆ డిస్క్‌ను దేనికీ నమ్మకూడదు.

పాత డిస్క్‌లోని విండోస్‌ను ఉన్నదున్నట్టు ఎస్‌ఎస్‌డిలోకి దింపవచ్చు, లేదా కొత్తగా ఎక్కించవచ్చు. ఏళ్ల తరబడి పోగైన చెత్త ఉన్న యంత్రమైతే కొత్తగా ఎక్కించడమే నా ఓటు. లైసెన్సు పోతుందేమోనన్న సందేహం అక్కర లేదు. విండోస్ 8 నుంచి కంపెనీ ల్యాప్‌టాపుల్లో తాళం సంఖ్య మదర్‌బోర్డులోనే ఉంటుంది, విండోస్ 10 డిజిటల్ లైసెన్సు కూడా మదర్‌బోర్డునే గుర్తుపడుతుంది. డిస్క్ మార్చినంత మాత్రాన పోదు. డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే బిట్‌లాకర్ ఉంటే మాత్రం ముందే ఆపేయాలి. ఇక విప్పేటప్పుడు, ఛార్జర్ తీసి, బ్యాటరీ ఊడదీసి, మిగిలిన కరెంటు పోయేలా పవర్ బటన్‌ను కొన్ని సెకన్లు నొక్కి ఉంచాలి. ర్యామ్ పట్టీకి రెండు పక్కలా ఉన్న సన్నని క్లిప్పులను బయటికి లాగగానే పట్టీ దానంతటదే ఏటవాలుగా పైకి లేస్తుంది. కొత్తదాన్ని అదే వాలులో బంగారు గీతలు దాదాపు కనిపించకుండా పోయేదాకా దూర్చి, ఆపైన కిందికి నొక్కితే క్లిప్పులు టిక్కుమని పడతాయి. చాలామంది దూర్చకుండానే నొక్కుతారు. పాత పట్టీ గీతలు నల్లబడి ఉంటే మన మెకానిక్కులు పెన్సిల్ రబ్బరుతో మృదువుగా రుద్దుతారు. మోటు పద్ధతే కానీ చాలాసార్లు పనిచేస్తుంది.

ఇంత ఖర్చు పెట్టేముందు ఆపరేటింగ్ సిస్టమ్ సంగతి ఆలోచించక తప్పదు. విండోస్ 10కి మద్దతు 2025 అక్టోబర్ 14న ముగిసింది. విడిగా నమోదు చేసుకున్న గృహ వినియోగదారులకు భద్రతా సవరణల గడువు 2026 అక్టోబర్ 13. విండోస్ 11 అధికారికంగా, కొద్ది మినహాయింపులు తప్ప, ఇంటెల్ ఎనిమిదో తరం ప్రాసెసర్ల నుంచే ఒప్పుకుంటుంది, నాలుగో తరానికి చోటు లేదు. కనుక ఇలాంటి యంత్రానికి ఎస్‌ఎస్‌డి వేసి లినక్స్ మింట్ లాంటి ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కించుకోవడం సబబు. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనూ ఉంది, బ్రౌజరూ కార్యాలయపు పనులూ హాయిగా నడుస్తాయి. పైగా కృత్రిమ మేధ సర్వర్ల గిరాకీ వల్ల 2025 చివర్లో మెమరీ ధరలు బాగా పెరిగాయి. మొత్తం ఖర్చు ఒక మంచి సెకండ్ హ్యాండ్ ఎనిమిదో తరం ల్యాప్‌టాప్ ధరలో సగానికి చేరితే నేనైతే ఆగిపోతాను.

మార్పు అయ్యాక కూడా ఒకసారి టాస్క్ మేనేజర్ తెరిచి చూడటం మంచిది. మా ల్యాప్‌టాప్‌లో 8 జీబీ, ఎస్‌ఎస్‌డి వేశాక గరగర చప్పుడు పోయింది, డిస్క్ అంకె పైకి లేచినా వెంటనే కిందికి వస్తోంది. ఇప్పుడు 100 శాతం చూపేది ప్రాసెసర్. 2018లో ఖరారైన ఏవీ1 పద్ధతిలో కుదించిన వీడియోలు పెడితే, 2013 నాటి ఆ చిప్పులో దానికి ప్రత్యేక ఏర్పాటు ఉండే అవకాశమే లేదు కనుక, రెండు కోర్లూ పూర్తిగా నిండి ఫ్యాన్ రొద పెడుతుంది. దుమ్ము దులిపి, ప్రాసెసర్ వేడిని బయటికి పంపే థర్మల్ పేస్టు ఎండిపోతే దాన్ని మార్చితే ఆ రొద కొంత తగ్గింది. వీడియో మాత్రం అక్కడక్కడా ఆగుతూనే ఉంది, దానికి స్క్రూడ్రైవర్‌తో చేయగలిగింది ఇక ఏమీ లేదు.